రంజన్ల దగ్గర ఎవరు కూర్చోవాలి

కోటగిరి
జనవరి 12

అక్కా,

ఫోన్ చేస్తే "జర ఆగు, కుక్కర్ కూసింది" అని పెట్టేస్తావు. మళ్లీ చేస్తే "ఎవరో వచ్చిన్రు" అంటావు. అందుకే ఈ ఉత్తరం. కుక్కర్ కూసినా ఇది నీ చేతిలోనే ఉంటుంది. నాకు అక్షరాలు నేర్పిన అంగన్‌వాడీ టీచరువి, చదవడం రాదని కూడా అనలేవు.

నిన్న బావ అంతా చెప్పేశాడు. పోయిన మే నెలలో నీకు వడదెబ్బ తగిలి నాలుగు రోజులు దవాఖానలో ఉన్నావట. నాతో "జరంత జ్వరం" అన్నావు. డాక్టరు మాట కూడా బావ దాచలేదు. "ఇంకో ఎండకాలం గిట్లనే రోడ్డు మీద కూసుంటే నా దగ్గరికి తేకుండ్రి, నేనేం చెయ్యలేను" అన్నాడట. గుండె బలహీనపడిందట. ఎనిమిది నెలలు ఎట్లా దాచావు అక్కా ఇంత మాట?

నా మాట విను. ఉగాది రాకముందే ఇక్కడికి వచ్చేయ్. వానలు పడ్డాక పోదువు గాని. మీ మరిదికి టీ ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన క్వార్టరు రెండు గదులదే, అయినా నీకు కిటికీ పక్కన మంచం వేస్తాం. నడివేసవిలో కూడా ఈ కొండల మీద స్వెటర్ వేసుకుంటారు. ఎక్కడెక్కడి డబ్బున్నవాళ్లో మేలో ఈ చలి కోసం పరుగెత్తుకొచ్చి, పూటకింత అని గదులు అద్దెకు తీసుకుంటారు. నీకు చెల్లెలే ఉంది ఇక్కడ.

ఈ ఒక్క ఏడు నీ చలివేంద్రం పెట్టకపోతే జహీరాబాద్ ఎండిపోదు.

నీ
మనోరమ

జహీరాబాద్
ఫిబ్రవరి 3

మనోరమకు అక్క దీవెనలు.

మేమంతా బాగున్నాం. నువ్వు నమ్మవు, అది వేరే సంగతి.

మీ బావ నోట్లో నువ్వుగింజ నానదు. ఆయన సంగతి ఆయనకు చెప్పాను, రెండు పూటలు మాటల్లేవు. అల్లం తవ్వకాలు నడుస్తున్నాయి కాబట్టి చేనికి సద్ది మాత్రం కట్టిచ్చాను.

నీ చలి గొప్పలు చదివి నవ్వొచ్చింది. నీ దగ్గరికి ఒక్కసారి వచ్చినప్పుడు ఏం చూశాను? కొబ్బరినూనె సీసాలో గడ్డ. ఉప్పు డబ్బాలో నీళ్లు. పెరుగు తోడుకోక గిన్నెకు శాలువా కప్పి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు పొయ్యి పక్కన పెట్టుకున్నావు. ఉతికిన చీర మూడు రోజులకూ ఆరలేదు. పొద్దున లేస్తే పక్కింటి మనిషి కనబడదు, మంచు. ఎవరి తలుపులు వాళ్లవి, ఎవరి దుప్పట్లు వాళ్లవి. తాను దూర కంత లేదు మెడకో డోలు అన్నట్టు, రెండు గదుల్లో నన్నొక దాన్ని ఎక్కడ పెడతావు?

ఇక్కడ మిరపకాయలు రెండు రోజుల్లో గలగలమంటాయి. ఎండ మండుతుంది, నిజమే. కానీ మండితే నలుగురం ఒక్క నీడకు చేరుతాం.

ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసే కొండల పిల్లవాడొకడు, ఎక్కడో సిమ్లా అవతలట, ఎండకాలమంతా నా దగ్గర నీళ్లు తాగి డ్యూటీకి పోతాడు. "మీ ఊరు చల్లగుంటదట గద బిడ్డా, ఈ కొలిమిల ఎందుకు పడ్డవు" అని అడిగాను. "మా ఊరి చలి మంచిదే అక్కా, కానీ చలి జీతమియ్యదు" అన్నాడు. వాడొచ్చింది కూటికోసం. మరి నువ్వెందుకు పోయావే అక్కడికి? మీ ఆయనకు పటాన్‌చెరులో మంచి ఉద్యోగమే ఉండె.

ఇంకో మాట. దసరాకు వస్తావు. క్రిస్మస్ సెలవుల్లో వస్తావు. ఇరవై రెండేళ్లలో ఒక్కసారైనా మే నెలలో ఈ గడప తొక్కావా? నువ్వు ఎండలకు రావు, నేను చలికి రాను. చెల్లుకు చెల్లు.

అక్క
హనుమమ్మ

కోటగిరి
మార్చి 9

అక్కా,

నేను ఎండలకు రానిది నాకు పడదు కాబట్టి. ఒళ్లంతా పేలుతుంది, బీపీ పెరుగుతుంది. ఎన్నిసార్లు చెప్పాలి?

నువ్వు అంత మాట అడిగావు కాబట్టి నేనూ అడుగుతాను. ఇప్పుడు ఎవరి చేతిలో చూసినా సీసా ఉంది. ప్రతి కిరాణా కొట్లో ఫ్రిజ్ ఉంది. నీ మట్టి రంజన్లలో నీళ్లు తాగేది ఎవరు? పుణ్యం కావాలంటే వేరే దారులు లేవా? నీకు యాభై ఎనిమిది దాటాయి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటావేమో, అనుకో. నువ్వు పోతే నాకు ఈ భూమ్మీద తోడబుట్టినవాళ్లు ఎవరూ ఉండరు.

అలసిపోయానక్కా. పొద్దున పిల్లల హాస్టల్లో డ్యూటీ, సాయంత్రం ఈ చలి, మధ్యలో నీ ఫికర్. టికెట్ కొని పంపుతాను. రా.

మనోరమ

జహీరాబాద్
ఏప్రిల్ 14

మనోరమకు,

టికెట్ ముట్టింది. మీ బావతో వాపసు చేయించాను. ఉగాదినాడు పందిరి వేశాం. చెరుకాకు కప్పి, నాలుగు రంజన్లు ఇసుకలో కుదురుగా పెట్టి, తడి గోనెలు చుట్టాను. ఎప్పటి చోటే, ఝరాసంగం ఆటోలు ఆగే దగ్గర.

పుణ్యం కోసం అన్నావు. రెండు రోజులు నీ ఉత్తరం ముట్టుకోలేదు, అంత కోపమొచ్చింది. నీ పెండ్లి మూడు రోజులుందనగా మన తమ్ముడు విరూపాక్ష న్యాల్‌కల్ నుంచి వచ్చి ఆ చోటే బస్సు దిగాడు. మన ఊరికి ఆటో ఎక్కాలె. ఆటో లేదు, నీడ లేదు. కాళ్లు తడబడి రాయి మీద కూలబడ్డాడు. అప్పుడు అక్కడున్నవాళ్లు నా దగ్గరికి వచ్చి చెప్పిన మాట నేను చచ్చేదాకా మరిచిపోను. "తాగి పడ్డడనుకున్నమమ్మా. పెండ్లిళ్ల దినాలు గద. పొద్దుమూకితే లేస్తడని ఇడిశిపెట్టినం." మూడు గంటలు, మనోరమా. అక్కడే పోయాడు. ఇరవై ఏళ్ల పిల్లగాడు. జన్మలో కల్లు ముట్టనివాడు. ఎవరైనా దగ్గరికి పోయి నోరు వాసన చూసినా తెలిసేది.

సీసాలున్నవాళ్ల కోసం కాదే నేను కూర్చునేది. సీసా కొననివాడు, కొన్నా మూత తీసే సత్తువ లేనివాడు ఉంటాడు. తూలుకుంటూ వచ్చేవాడు ఉంటాడు. వాణ్ని చూసి అందరూ జరుగుతారు. నేను జరగను. తాగినవాడైనా సరే, ముందు నీళ్లు, తర్వాత తిట్లు. రంజన్లు అక్కడ పెట్టి వస్తే చాలదు, పక్కన మనిషి ఉండాలి. వేరేవాళ్లను కూర్చోబెట్టి చూశాను. వాళ్లు వాసన వస్తే మొహం తిప్పుకుంటారు.

ఇంక నన్ను రమ్మనకు.

హనుమమ్మ

*మనోరమా, నేను మీ బావ రేవణసిద్ధప్పను. మీ అక్క పోస్టు డబ్బల ఎయ్యిమని ఇస్తే కవరు అంటుకవెట్టకముందు గీ నాలుగు ముక్కలు రాస్తున్న. మొన్న బేస్తారం పందిరి కిందనే కండ్లు తిరిగి పడ్డది. తెలివికొచ్చినంక "మా చెల్లెకు చెప్తివా, నీ ఇంట్ల ఉండ" అన్నది. మజ్జిగ పోసి తాపుదామంటే మూతి కూడ పెట్టలే. మజ్జిగ ముట్టదు, చలివేంద్రంల పెట్టనియ్యదు, ఎందుకో నాకు ఇన్నేండ్లకు గూడ సమజ్ కాలే. రోజు నేనే కూసుంటనంటే అల్లం పెట్టే దినాలు దగ్గరవడ్డయి. నా మాట ఇనదు. నువ్వన్న జర ఏమన్న చెయ్యి.*

కోటగిరి
ఏప్రిల్ 22

అక్కా,

బావను ఏమీ అనకు.

నాకు ఎండ పడకపోవడం అబద్ధం. ఒళ్లు పేలడం అబద్ధం. చిన్నప్పుడు మిట్టమధ్యాహ్నం చెప్పులు లేకుండా కందిచేలో తిరిగినదాన్ని. నాకు పడనిది ఎండ కాదు, మే నెల.

ఎవరికీ చెప్పని మాట చెబుతున్నాను. మీ మరిదికి కూడా తెలియదు. న్యాల్‌కల్ మేనమామ అలిగిన సంగతి నీకు గుర్తుందా? మనం ఆటో అతనితో కార్డు పంపామని, "కార్డు పంపితే వస్తమా, మేమేమన్న ఊరోళ్లమా? ఇంటిమనిషి వచ్చి బొట్టు వెట్టి పిలువాలె" అని కబురు చేశాడు. అమ్మ "సాయంత్రం చల్లవడ్డంక పోతడు తీ" అంది. సాయంత్రం పోతే రాత్రికి అక్కడే ఉండి మర్నాడు వస్తాడు, అప్పటికి మామ మనసు ఇంకా విరుగుతుందేమోనని నాకు భయం. నన్ను గంపలో పీటల దగ్గరికి తీసుకుపోవాల్సింది మామే కదా. పెరట్లో విరూపను పట్టుకుని ఏడ్చాను. "ఇప్పుడే పోతవా పోవా? మామ రాకుంటే నేను పీటల మీద కూసోను" అన్నాను. ఒంటి నిండా పసుపుతో ఉన్నాను, గడప దాటకూడదు, లేకపోతే నేనే పోయేదాన్ని. వాడు నవ్వాడు. "పెండ్లిపిల్ల హుకుం, తప్పుతదా" అన్నాడు. పదకొండు గంటలప్పుడు పోయాడు.

నేనే పంపాను అక్కా. ఒక గంప కోసం పంపాను.

ఆరు నెలలాగి గుడిలో పెండ్లయింది. మామ వచ్చాడు గాని గంప ఎవరూ తేలేదు. నేనే ఆయన వెంటపడ్డాను, "ఎక్కడైనా సరే, ఎండ లేని ఊళ్లో ఉద్యోగం చూడు" అని. పాపం, పటాన్‌చెరు వదులుకుని వచ్చాడు. ఇక్కడ మే నెలలో కూడా మంచు కమ్ముతుంది, తారీఖు తెలియకుండా పోతుంది. నేను చలిని ఇష్టపడి రాలేదు. చలికి నా కీళ్లు పట్టేస్తాయి, జొన్నరొట్టె వేళ్లతో తట్టలేకపోతున్నాను. అయినా ఇక్కడే పడి ఉన్నాను.

ఇప్పుడు నువ్వు నన్ను ఏమన్నా అను. కానీ ఒక్కటి. ఆ చోట మనిషి ఉండాలి అన్నావు. సరే, ఉండాలి. అది నువ్వే ఎందుకు కావాలి? నాకు హాస్టల్ సెలవులు. నేను వస్తాను. వానలు పడేదాకా నేను కూర్చుంటాను. నువ్వు ఇక్కడికొచ్చి నా మంచం మీద కూర్చో. మీ మరిది, నేను కలిసి సికింద్రాబాద్ దాకా వస్తాం. అక్కడ ఆయన నిన్ను తీసుకుని తిరుగు రైలెక్కుతాడు.

వాసన వస్తే మొహం తిప్పుకోను. ఒట్టు.

మనోరమ

జహీరాబాద్
ఏప్రిల్ 30

మనూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ బావ "ఏం రాసింది" అంటే "చలి బాగున్నదట" అన్నాను.

నువ్వే పంపావని నాకు ఆ రోజే తెలుసు. నిన్ను అడగలేదు. అడిగితే నువ్వు నాది అడుగుతావని భయం.

వాడు పోయేముందు వంటింట్లోకి వచ్చాడు. "పెండ్లిపిల్ల హుకుం అక్కా, న్యాల్‌కల్ పోతున్న. జరంత మజ్జిగ పొయ్యి" అన్నాడు. నేను లడ్డూల పాకం దగ్గర ఉన్నాను, తీగ పాకం వచ్చే సమయం. "జర ఆగు, చేతులు ఖాళీ లెవ్వు" అన్నాను. వాడు ఆగాడు. మళ్లీ అడిగాడు. "వచ్చినంక తాగుదువు పో" అన్నాను విసుక్కుని. మజ్జిగ కుండ నా మోచేతి పక్కనే ఉంది. ఒక చేయి చాపితే అయ్యేది. పాకం ముదిరితే ముదిరేది, ఏం కొంప మునిగేది?

వాడు పొద్దున కూడా ఏమీ తినలేదని తర్వాత అమ్మ చెప్పింది. నేను నీకూ చెప్పలేదు, అమ్మకూ చెప్పలేదు. అమ్మ "నా కొడుకు ఏం తినిపోయిండో" అని ఏడ్చిన ప్రతిసారీ ఆమె పక్కనే కూర్చుని విన్నాను.

నువ్వు గంప అన్నావు, నేను పాకం అంటున్నాను, మామ బొట్టు అని ఉంటాడు పోయేదాకా. ఆయనా ఆ తర్వాత ఎవరి పెండ్లికీ గంప పట్టలేదు, తెలుసా? ఇంక ఈ వయసులో ఎవరిది ఎంత అని తేల్చుకునే ఓపిక నాకు లేదే. నువ్వు పారిపోయావు, నేను అక్కడే కూర్చుండిపోయాను. ఇద్దరం అలసిపోయాం.

వస్తాను. నీ కోసం కాదు, డాక్టరు కోసమూ కాదు. నువ్వు ఒక్కసారి మే నెలలో ఈ ఊళ్లో ఉంటావని వస్తాను.

జాగ్రత్తగా విను. రంజన్లు పొద్దున ఆరు గంటలకే నింపాలి, మీ బావ బండి మీద క్యాన్లు తెస్తాడు. గోనెలు గంటకోసారి తడుపు. మంచి రంజన్ మూడోది, దానిలో చల్లగా అవుతాయి, ముసలివాళ్లకు దాంట్లోవే పొయ్యి. పొడుగు కాడ ముంతతోనే తీయాలి, ఎవరినీ చేయి పెట్టనివ్వకు. వడదెబ్బ మనిషికి గడగడా తాపకు, తల తడిపి, నీడకు జరిపి, గుక్క గుక్క పొయ్యి. తెలివి లేనివాడికి నోట్లో నీళ్లు పొయ్యకు, దవాఖాన బండికి ఫోన్ కొట్టు. తలకు తడి తువ్వాల లేకుండా కూర్చోకు. నీకేమన్నా అయితే నేను మళ్లీ ఆ రైలెక్కి రావాలి.

అక్క

కోటగిరి
మే 16

మనూ,

మీ ఆయన మంచివాడు. చాయ్ ఆయనే పెడుతున్నాడు. నన్ను వదినగారూ అంటాడు, నాకు సిగ్గేస్తోంది.

సికింద్రాబాద్ స్టేషన్లో అరగంట కూర్చున్నాం ఇద్దరం. విరూప మాట ఒక్కటి రాలేదు. రొట్టెల డబ్బా మూత సరిగ్గా పడలేదని నువ్వు, మోకాళ్ల తైలం మరిచిపోయానని నేను, అదే మాట్లాడుకున్నాం. రైలు కదిలాక నీ చేయి పట్టుకోవాల్సింది అనిపించింది. పట్టుకోలేదు.

ఇక్కడ చలి నేననుకున్నంత చెడ్డదేం కాదు. మొదటి మూడు రోజులు పండ్లు కొట్టుకున్నాయి. ఇప్పుడు గుండె దడ తగ్గింది, నిద్ర పడుతోంది. ఎన్నాళ్లయిందో ఇట్లా నిద్రపోయి. లేచేసరికి కిటికీ నిండా తెల్లగా ఉంటుంది, ఏ నెలో ఏ తారీఖో తెలియదు. నువ్వు రాసింది నిజమే. నువ్వు ఇన్నాళ్లు ఇక్కడ ఎందుకున్నావో ఇప్పుడు తెలిసింది, అందుకే ఈ మధ్య నీ మీద కోపం రావడం లేదు.

వాడు పోయిన పందొమ్మిదో తారీఖు దగ్గరికొస్తోంది. నువ్వక్కడ ఒక్కదానివే ఉంటావు. ఆ రోజు బావను చేనికి పోనివ్వకు.

నీ పెరుగు నాకూ తోడుకోలేదు.

అక్క

జహీరాబాద్
మే 28

అక్కా,

పందొమ్మిదో తారీఖు బావ చేనికి పోలేదు. పొద్దున్నుంచి పందిరి కింద నా పక్కనే కూర్చుని అల్లం విత్తనం సంగతులు చెప్పాడు, ఆపకుండా. ఆయనకు తెలుసు. పదకొండు దాటింది, వాడు ఇంట్లోంచి కదిలిన వేళ. లేచి ఆ రాయి మీద నీళ్లు పోశాను. చుంయ్‌మని అన్నీ పీల్చేసింది. అప్పుడు ఏడుపొచ్చింది, ఏడ్చాను, ఆటోలవాళ్లందరి ముందూ. ఎవరో "చెమట తుడుసుకుంటున్నది తీ" అన్నారు.

మొహం నల్లబడింది. ఒళ్లేమీ పేలలేదు. చేతివేళ్లు మాత్రం బాగా కదులుతున్నాయి, నిన్న జొన్నరొట్టెలు నేనే తట్టాను. బావ "మీ అక్కకంటె మందం" అన్నాడు, ఆరు తిన్నాడు.

నీ కొండల పిల్లవాడు రోజూ వస్తున్నాడు. నేను వాళ్లలాంటి ఊరి నుంచి వచ్చానంటే నమ్మలేదు. "చల్లని ఊరు ఇడిశిపెట్టి గిక్కడికి ఎవలొస్తరు మేడమ్" అన్నాడు మన మాటలో, ఎవరు నేర్పారో. ఏం చెప్పను? మా అక్క చోటు అని చెప్పాను.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలాయో లేదో గాని నిన్న ఒంటిగంటకు రోడ్డు మీద కుక్క కూడా లేదు. ఆ వేళ బస్సు దిగి ఒకతను వచ్చాడు. పాతికేళ్లుంటాయి. రెండడుగులు ఇటు, ఒకడుగు అటు. నీ రాయి దగ్గరికే వచ్చి చతికిలబడ్డాడు. ఆటో అతను నాతో "తాగిండమ్మా, గాడ్ని ముట్టుకోకు, మీద కక్కుతడు" అన్నాడు. అక్కా, అదే మాట. ఇరవై రెండేళ్ల తర్వాత అదే చోట అదే మాట. నా చేతిలో ముంత నిండుగా ఉంది.

దగ్గరికి పోయాను. నువ్వు చెప్పినట్టు ముందు నోటి దగ్గర వాసన చూశాను. నిజంగానే తాగి ఉన్నాడు, గుప్పున కొట్టింది. మొహం తిప్పుకోలేదు. చంకల్లో చేతులు వేసి ఆ ఆటో అతన్నే సాయం పట్టమని పందిరి కిందికి జరిపాం. తల తడిపాను. మూడో రంజన్లోవి గుక్క గుక్క పోశాను. కాసేపటికి నన్ను తేరిపార చూసి, "ఎప్పుడుండే అక్క ఏది?" అన్నాడు. చూడు, తాగినవాళ్లకు కూడా నువ్వు గుర్తే.

"చల్లని ఊరికి పోయింది. నేను ఆమె చెల్లెను. ఏమన్న తిన్నవా?" అన్నాను.

"లే" అన్నాడు.

నీకు కోపమొచ్చే పని ఒకటి చేశానక్కా. పందొమ్మిది నుంచి రంజన్ల పక్కన ఒక కుండ మజ్జిగ కూడా పెడుతున్నాను. ఇక్కడ పాలలో చుక్క వేస్తే చాలు, పెరుగు తోడుకుంటోంది. ఉప్పేసి, నీ చేనిలోదే అల్లం దంచి వేస్తున్నాను. అతనికి ముంత నిండా పోశాను. తాగి, మళ్లీ పట్టాడు. మళ్లీ పోశాను. మూడోసారి పోస్తుంటే, "ఇగ చాలక్కా" అన్నాడు.

మనోరమ